చేత్తో తుడిచిన అద్దం

ఈ ఉదయం కారు హీటర్ వేయగానే డాష్‌బోర్డు మీద పెట్టిన ఉన్ని గ్లవ్స్ నుంచి తడి వాసన లేచింది. ముందు అద్దానికి లోపలి వైపు తెల్లగా ఆవిరి పట్టి, ఎదురింటి మెట్లు కూడా కనబడలేదు. అరచేత్తో తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అద్దం తేటపడేదాకా ఊరికే కూర్చున్నాను. అలా కూర్చోవడం నాకు నేర్పింది ఎస్తేరు ఆంటీ.

నేను చదువుకోవడానికి కెనడాలోని హాలిఫాక్స్ వచ్చిన ఏడు మన పిల్లలు ఎంతమంది వచ్చారంటే, కాలేజీ వరండాలో నిలబడితే కరీంనగర్ బస్టాండులో ఉన్నట్టే ఉండేది. గది దొరకడం గగనమైపోయింది. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో ఐదుగురు అమ్మాయిలం సర్దుకున్నాం. ఆ ఇంటి పై భాగంలో ఎస్తేరు ఆంటీ ఒక్కరే అద్దెకుండేవారు. ఒంగోలు వైపు మనిషి, యాభై దాటిన వయసు. ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్లకు స్నానాలు చేయించి, అన్నం తినిపించే ఉద్యోగం. శనివారాలు అక్కడి వంటగదిలో నాకు పని ఇప్పించింది ఆవిడే. చలికాలంలో మణికట్టు నొప్పితో స్టీరింగ్ తిప్పలేకపోయేవారు. అందుకని నాకు డ్రైవింగ్ నేర్పించి, లైసెన్స్ రాగానే తన పాత కారు తాళం నా చేతిలో పెట్టారు.

మొదటి చలి ఉదయం నాకింకా గుర్తే. కారెక్కబోతుంటే ఆపేశారు. “బూట్లకున్న మంచు దులిపి ఎక్కమ్మాయ్. లోపల కరిగేది అదే, అద్దానికి పట్టేదీ అదే.” హీటర్‌తోపాటు ఏసీ కూడా వేయమన్నారు. ఈ చలిలో ఏసీ ఏమిటని నవ్వాను. “వేడి ఆరబెట్టదు, ఏసీ తడి లాగేస్తుంది. లోపలి గాలి తిరిగే బటన్ తీసెయ్, బయటి గాలి రానీ” అన్నారు. ముందు అద్దం తేటపడగానే నేను గేరు మార్చబోతే, వేలితో పక్క కిటికీలు, వెనక అద్దం చూపించారు. “అవి కూడానా ఆంటీ? లేటైతంది” అన్నాను. “మనుషులు ముందునుంచే వస్తారని ఎవరన్నా రాసిచ్చారా నీకు?” అన్నారు.

జనవరిలో ఒక శనివారం ఆవిడకు జ్వరం. ఒక్కదాన్నే వెళ్లమన్నారు. నేను లేవడమే ఆలస్యంగా లేచాను. బూట్లు దులపలేదు. అద్దం మీద పళ్లెమంత మేర అరచేత్తో తుడిచి బయల్దేరాను. నాలుగు వీధులు దాటాక కుడివైపు తిరుగుతుంటే, ఆవిరి పట్టిన పక్క కిటికీ అవతలినుంచి ఒక ముసలాయన రోడ్డు దాటుతూ కారు ముందుకొచ్చాడు. బ్రేకు తొక్కాను. బండి కొంచెం జారి, తలుపుకు బయటున్న సైడ్ మిర్రర్ ఆయన చేతికి తగిలింది. సంచీ కింద పడింది, నారింజలు మంచులో దొర్లాయి. ఆయన పడలేదు. నావైపు చూసి చెయ్యి ఊపాడు. వెళ్లమనో, ఆగమనో తెలియలేదు. నాకు అనుకూలమైన అర్థం తీసుకుని వెళ్లిపోయాను.

ఆ రోజంతా వంటగదిలో తలెత్తకుండా పనిచేశాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కారు ఇవ్వరేమో, పని పోతుందేమో, పోలీసులంటే వీసా ఏమవుతుందో అని భయం. మర్నాడు ఆంటీని చర్చికి తీసుకెళ్లాలి. కారెక్కి కూర్చోగానే మా ఊపిరికి అద్దం మసకబారింది. నేను తుడిచిన చోట మాత్రం అయిదు వేళ్ల చారలు విడివిడిగా తేలాయి. ఆంటీ ఆ చారలకేసి కాసేపు చూశారు.

“నిన్న తొందర పడ్డావా?”

చెప్పేశాను. అంతా విన్నారు. తిడతారనుకున్నాను, తిట్టలేదు.

“దిగావా?” అన్నారు.

“లేదాంటీ.”

“తగలడం ఒక తప్పు. దిగకపోవడం ఇంకోటి. మొదటిది ఎవరికైనా జరగొచ్చు” అని, “చర్చి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ మలుపు దగ్గరికి పద” అన్నారు.

ఆ రోజు ఆయన కనబడలేదు. మర్నాడు కూడా లేడు. జ్వరం పూర్తిగా తగ్గకపోయినా ఆంటీ రోజూ నాతో వచ్చి ఆ మలుపు దగ్గర నిలబడ్డారు. మూడో రోజు ఉదయం ఆయన బస్‌స్టాప్‌లో కనిపించాడు. అదే సంచీ. నేను వెళ్లి, ఆ రోజు కారు నడిపింది నేనేనని, క్షమించమని ఇంగ్లీషులో తడబడుతూ చెప్పాను. ఆంటీ రెండడుగుల వెనక నిలబడ్డారు కానీ ఒక్క మాటా సాయం చేయలేదు. ఆయన మోచేతి దగ్గర కోటు తడుముకుంటూ, “కమిలిందంతే. నువ్వు దిగుతావేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను” అన్నాడు. బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు. పోలీసులకు నువ్వే చెప్పాలంటూ ఆంటీ నన్ను అక్కణ్నుంచే స్టేషన్‌కు తీసుకెళ్లారు. వాళ్లు వివరాలు రాసుకుని, గట్టిగా మందలించి, జరిమానా వేశారు. నేను ఊహించుకున్న ప్రళయమేదీ రాలేదు. కానీ నిలబడి ఎదురుచూశానన్న ఆయన మాట మాత్రం ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

బయటికొచ్చాక తాళం ఆంటీకి ఇవ్వబోయాను. తీసుకోలేదు. “నువ్వే నడుపు. ఇవాళ మానేస్తే మళ్లీ పట్టుకోవు” అన్నారు.

తర్వాత ఆవిడ కూతురి దగ్గరికి ఎడ్మంటన్ వెళ్లిపోయారు. నేనిప్పుడు ఒక మందుల షాపులో పనిచేస్తున్నాను. పోయిన నెల ఒకరి మందు సీసాకు ఇంకొకరి లేబుల్ అంటించాను. సీసా కౌంటరు దాటాక గుర్తొచ్చింది. ఎవరూ గమనించలేదు. మా ఫార్మసిస్టు దగ్గరికెళ్లి నేనే చెప్పాను. సీసా తీసుకెళ్లినవాళ్లింటికి ఫోన్ చేశాం, మందు ఇంకా వేసుకోలేదు. ఆ మధ్యాహ్నం విరామంలో ఆంటీకి ఫోన్ చేసి, లేబుల్ తారుమారు చేశానన్నాను.

“చెప్పావా?” అన్నారు.

“చెప్పానాంటీ.”

“వెంటనేనా?”

“వెంటనే.”

“పొద్దుటినుంచి ఏమీ తిని ఉండవు. ముందు అన్నం తిను” అన్నారు.