సెలవులో ఉన్నామని చెప్పడం నేర్పిన అక్క

రత్నకుమారి అక్క ఇక లేరన్న దుర్వార్త పోయిన శుక్రవారం ఉదయం, తెనాలి స్టేషన్లో రేపల్లె బండి దిగుతుండగా ఫోనులో విన్నాను. గుంటూరు ఆసుపత్రిలో చిన్న ఆపరేషనే అన్నారు, సవ్యంగానే జరిగిందన్నారు. ఆ తర్వాత ఉన్నట్టుండి గుండె ఆగిపోయిందట. నమ్మబుద్ధి కాక ప్లాట్‌ఫారం బల్ల మీద కూలబడ్డాను. మా మినప్పప్పు మిల్లు ఆఫీసుకు ఇన్నేళ్లూ ఆయువుపట్టుగా నిలిచిన మనిషి ఆమె.

మర్నాడు బాపట్లలో సమాధి కార్యక్రమం ముగిశాక ఆమె భర్త జాన్ మాస్టారు నా చేయి పట్టుకున్నారు. "ఆవిడకి మెయిళ్లు వస్తూనే ఉంటాయి కదా బాబూ. ఇంకా సెలవులోనే ఉందనుకుని ఎవరూ ఎదురుచూడకూడదు. ఆ కబురేదో నువ్వే రాసెయ్యి" అన్నారు. ఆమెకు ఎవరు మెయిలు పంపినా తనంతట తాను తిరిగి వెళ్లే ఆటో రిప్లైని మార్చడం అలా నా వంతయింది. నాలుగు రోజులుగా రాయలేకపోతున్నాను. అందుకే ముందు ఇది రాస్తున్నాను.

ఆ విద్యలో నాకు అక్షరాభ్యాసం చేయించింది ఆవిడే. వేమూరు నుంచి వచ్చి కొత్తగా చేరిన రోజుల్లో మా పిన్ని కూతురి పెళ్లికి సెలవు పెట్టాను. ఆటో రిప్లై రాసి వెళ్లమంటే, బడిలో నేర్చిన సెలవు చీటీనే దించేశాను. పెళ్లి ఎవరిదో, నేను లేకపోతే ఎందుకు జరగదో సవివరంగా విన్నవించి, కావున దయతో మూడు రోజులు సెలవు మంజూరు చేయ ప్రార్థన అని ముగించాను. అది మా కొనుగోలుదార్లందరికీ వెళ్లింది. కోయంబత్తూరు వ్యాపారి ఒకాయన, మంజూరు చేశాను, వెళ్లి రమ్మని జవాబు కూడా ఇచ్చాడు.

అక్క కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "ఏంటి తమ్ముడూ, మీ పెళ్లికూతురితో ఆయనకేం పని? నువ్వెప్పుడొస్తావో చెప్పు. అందాకా నీ పని ఎవరు చూస్తారో చెప్పు. వాళ్ల ఫోను నంబరివ్వు. మన కోసం వచ్చిన మనిషికి తాళంకప్ప చూపించి పంపకూడదు, పక్కింట్లో ఎవరున్నారో చెప్పి పంపాలి" అన్నారు. త్వరలో వస్తాను అన్న మాట ఆమెకు గిట్టదు. "త్వరలో అంటే ఏ వారం?" అని నిలదీసేవారు. చాదస్తం లేదని నేననను. ఊరికి వెళ్తూ పాలవాడికి గుమ్మానికి చీటీ కట్టినా అందులో వచ్చే రోజూ, ఈలోగా పాలు పోయించుకునే ఎదురింటావిడ పేరూ ఉండేవట.

ఆమె శాసనాల్లో కఠినమైనది ఒకటుంది. మన బదులు ఎవరి పేరు పెడుతున్నామో వాళ్ల ఎదుట నిలబడి అడగాలి, వాళ్ల నోటితో సరే అనిపించుకోవాలి. నేను లెక్కచేయలేదు. రేపల్లెలో సహోద్యోగి పెళ్లికి వెళ్తూ, అడక్కుండానే మా ఆఫీసు సుబ్బారావు పేరు పెట్టేశాను. అక్కడికే వస్తూ వాడు నా పేరు పెట్టాడు. ఇద్దరం ఒకే బంతిలో కూర్చుని బూరెలు తింటున్నాం. మేళం హోరులో ఫోన్లు వినపడలేదు. సరుకు కోసం వచ్చిన లారీ, ఎక్కించమని చెప్పే దిక్కు లేక, పొద్దంతా మిల్లు గేటు ముందే నిలబడిపోయింది.

ఆ రోజు సెలవులో ఉన్న అక్క, సంగతి తెలిసి బాపట్ల నుంచి రైలెక్కి వచ్చారు. సాయంత్రం మేము పట్టుబట్టలతో గేటు దగ్గర దిగేసరికి అక్కడే నిలబడి ఉన్నారు. ఒక్క మాట తిట్టలేదు. "ముందు ఆ డ్రైవరు గారికి భోజనం పెట్టించండి. పొద్దున్నుంచీ మీ కోసమే కూర్చున్నారు. సారీలు తర్వాత చెబుదురుగాని" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పోయిన వారం ఆసుపత్రికి వెళ్లే ముందు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వయసులో, హోదాలో, జ్ఞానంలో నాకంటే ఎంతో పెద్ద.

"తమ్ముడూ, వచ్చే గురువారం దాకా నీ పేరు పెట్టుకోనా?"

"నన్నడగాలా అక్కా?"

"అడగాలి. సరే అను."

"సరే అక్కా."

తృప్తిగా తలూపి వెళ్లిపోయారు. ఆమెను చూడటం అదే ఆఖరు.

రేపే గురువారం. ఇక ఆలస్యం చేయడానికి లేదు. ఆమె కన్నుమూశారన్న వాక్యం ఎలాగో రాశాను. తిరిగి వచ్చే తేదీ ఉన్న వాక్యాన్ని చెరిపేటప్పుడు ఏడ్చాను. కింద నా పేరుంది. "అదలాగే ఉంచవయ్యా, ఇక ఆ పనులన్నీ నువ్వే చూడాలి" అన్నారు మా యజమాని. ఆ సౌజన్యమూర్తి స్థానం మాలో ఎవరివల్లా భర్తీ కాదని ఆయనకూ తెలుసు.

అక్కా, మీ పాదాలకు మనసులోనే నమస్కరించి నా పేరు ఉంచేస్తున్నాను. కానీ నేను సరే అన్నది గురువారం దాకానే.