వంతెన కింద దూది మిషను

మా ఆయనా నేనూ దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళం. వింటితో ఏకి ఏకి ఆయన కుడిభుజం పడిపోయింది. దాంతో ఉన్న రెండు గేదెల్నీ అమ్మి, అప్పు కాగితం మీద వేలిముద్ర వేసి, ఒంగోల్లో దూది ఏకే మిషను కొన్నాం. అప్పటికి నాకు అక్షరమ్ముక్క రాదు.

సముద్రం పక్కన ఉన్న మా ఊళ్ళో ఒక పెళ్ళివారు ఆరు పరుపులు చెప్పారు. ఫలానా రోజు సాయంత్రానికి మిషను రాకపోతే పట్నం వెళ్ళి స్పాంజి పరుపులు తెచ్చుకుంటానని పెళ్ళికూతురి తండ్రి తెగేసి చెప్పాడు. అవి ఒక ఇంట్లోకి వచ్చాయంటే ఇక మా దూదిని అడిగేవాడుండడు. చూస్తే దసరా వానలకు రోడ్డు తెగింది. ఇంగ్లీషువాళ్ళు తవ్వించిన కాలవ ఒక్కటే మిగిలింది.

ఆ రోజు తెల్లారగానే రేవులో ఎనిమిదిమంది పట్టి మిషనును పడవలో దుంగల మీద నిలబెట్టారు. వెనక చుక్కాని దగ్గర ముసలి పడవాయన, ఎడంభుజంతో గెడ నెడుతూ మా ఆయన, ముందు నేను. వాన వెలిసిన ఎండ. గట్ల మీద మిరపతోటలు పచ్చగా ఉన్నాయి. పనేమీ లేకుండా కూర్చోవడం నా బతుకులో అదే మొదలు.

మధ్యాహ్నం వంతెన కిందికి రాగానే ఠంగుమని చప్పుడైంది. మిషను పై చక్రం దూలానికి తగిలింది. వానలకు కాలవ పెరిగిపోయింది. అడ్డం ఎంతంటే, రెండు వేళ్ళ మందం.

“వెనక్కి తిప్పుతానమ్మా. నీళ్ళు తియ్యాలంటే నాలుగు రోజులు పడుద్ది,” అన్నాడు పడవాయన.

“పై చక్రం విప్పుదాం,” అన్నాడు మా ఆయన.

“బిగించేదెవరు, నువ్వా? మంచానికి నవారు బిగించడమే రాదు నీకు!”

గట్టు మీద కలుపు తీస్తున్న ఇరవైమంది ఆడవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. పొద్దున మిషనుతో పాటు ఎనిమిదిమంది పడవలో దిగినప్పుడు అంచు నీళ్ళ దగ్గరికి జరగడం నేను చూశాను.

“నవ్వింది చాలు, వచ్చి పడవెక్కండే!” అని అరిచాను.

“ఎక్కితే ఏమిస్తావు పిన్నీ?”

“ఇన్నాళ్ళూ తిన్న తిండికి ఇవాళ పనొచ్చిందని సంతోషించండి!”

“ముంచుతావా ఏంటమ్మా?” అన్నాడు పడవాయన.

“అంచు నీళ్ళకి ఇంకా జానెడు పైనుంది కదయ్యా!”

బురదలో దిగి, ఒకరినొకరు లాక్కుంటూ ఎక్కారు. సగంమందిని ముందు, సగంమందిని వెనక కూర్చోబెట్టాను. పడవ కుంగింది. చక్రానికీ దూలానికీ మధ్య సన్నగా వెలుతురు కనబడింది. తలలు వంచమని చెప్పి, రెండు చేతులూ పైకెత్తి దూలాన్ని పట్టుకుని నెట్టాను. పడవ జరిగింది. ఇంకోసారి నెట్టాను. ఎండ మొహానికి కొట్టేసరికి ఇరవైమందీ ఒక్కసారి కేకపెట్టారు.

“ఇక దిగండే,” అన్నాను.

“దిగం పో! ఊరిదాకా తీసుకెళ్ళు.”

పొద్దు వాలకముందే ఊళ్ళోకి వచ్చాం. పెళ్ళికూతురి తండ్రి సంచి చంకన పెట్టుకుని కాలవ గట్టు వెంట నడిచి పట్నం బయల్దేరాడు. మమ్మల్ని చూసి గట్టు మీదే ఆగిపోయాడు.

“ఆరు పరుపులకు ఇంతమందా అమ్మా?”

“ఆరు కాదు, ఎనిమిది చెప్పు. అప్పుడే మిషను దిగుద్ది.”

ఎనిమిదికి ఒప్పుకున్నాడు. అప్పుడు దించాం.