మా ఎర్ర అంబాసిడర్

నాన్న పోయాక మిగిలిన పాత అంబాసిడర్‌కు తమ్ముడు ఖమ్మంలో మళ్ళీ రంగు వేయిస్తున్నాడు. షెడ్డులో థిన్నర్ వాసన తగలగానే చిన్నప్పుడు పాల్వంచ కాలనీలో పడ్డ అవమానం గుర్తొచ్చింది.

అప్పుడు పెయింటరు ఇదే కారు పాత రంగంతా గీకి ఎర్రటి పూత పూశాడు. అది తుప్పు పట్టకుండా వేసే అడుగు పూత అని నాకేం తెలుసు? "మా కారు ఎర్రగైంది! ఆదివారం చర్చికి దాంట్లనే వస్తం" అని కాలనీ అంతా చాటాను. కరెంటు ప్లాంటు బూడిద పడకుండా చుట్టూ తడి దుప్పట్లు కట్టి, ఆ చాటున పెయింటరు పైరంగు వేశాడు. ఆదివారం దుప్పట్లు తీస్తే కారు తెల్లగా ఉంది.

"ఏదే నీ ఎర్ర కారు? అబద్ధాలకోరు!" అని సండే స్కూల్లో అందరి ముందూ నా దోస్తు సుజాత వెక్కిరించింది. ఏడుస్తూ వస్తే నాన్న నవ్వాడు.

"ఎరుపు యాడికి పోలేదు బిడ్డా, తెలుపు కింద గట్లనే ఉంది."

ఊరడింపు మాటే అనుకున్నాను.

ఇప్పుడు తలుపు మీద తెలుపు గీకిన చోట ఎరుపు కనిపించింది. ఫోటో తీసి సుజాతకు పంపాను.

"ఇంకా మర్వలేదానే? లోపలుంటే ఎవలకు కనపడ్తది?" అని మెసేజ్ పెట్టింది.

"ఈసారి ఎరుపే ఏపియ్యాల్నా అక్కా?" అని తమ్ముడు అడిగాడు.

వద్దన్నాను. నాన్న మాట నిజమై నిలవాలంటే ఎరుపు తెలుపు కిందనే ఉండాలి.