మనిషి కూర్చునేంత జాగా

2022 మార్చి. ఆర్మూరు డిగ్రీ కాలేజీలో నేను మానవశాస్త్రం చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లు. పసుపు ఉడికే రోజుల్లో మా ఊరి గాలికే ఒక మగత ఉంటుంది. ఆ మత్తులోనే సంస్కృతి సిద్ధాంతాల చరిత్ర చెప్పుకుపోయేవాణ్ణి. తొలితరం పండితులు కుర్చీలోంచి కదలకుండా జాతులకు ఎక్కువ తక్కువల మెట్లు కట్టారు, తర్వాతివాళ్లు ఆ జనం మధ్యకే వెళ్లి కూర్చున్నారు. నాకిష్టమైంది ఫంక్షనలిజం. ప్రతి ఆచారం సమాజానికి ఏదో ఒక పని చేసిపెడుతుందని అది చెబుతుంది.

మా విద్యార్థిని సుజాత ఫీల్డ్‌వర్క్‌కి, అంటే జనంలో ఉండి చూసి రాసుకోవడానికి, కమ్మర్‌పల్లి దగ్గర తన తల్లి కూలికి వెళ్లే కళ్లాన్ని ఎంచుకుంది. అక్కడ ఆడవాళ్లు ఉడికిన పసుపు కొమ్ములు ఆరబోస్తూ, ఒక మూల మనిషి కూర్చునేంత జాగా వదిలేస్తారు. ఎందుకని అడిగితే తెలియదనే అన్నారట. గాలాడటానికే అయ్యుంటుంది, ఫంక్షనలిజం కింద రాసెయ్ అని నేను కుర్చీలోంచే తేల్చేశాను. పీజీ సీటు ఆ ప్రాజెక్టు మార్కుల మీదే ఉన్నా సుజాత ఒప్పుకోలేదు. చివరికి నన్నే అక్కడికి లాక్కుపోయింది.

మధ్యాహ్నం అందరూ తిండికి లేచాక, వాళ్లలో పెద్దదైన రాజవ్వ మా దగ్గర కూర్చుంది.

"గా మూల లచ్చవ్వ జాగ సార్. ముప్పై ఏండ్లు నా పక్కనే ఆరబోసింది. ఆమె సచ్చిపోయినంక గక్కడ కొమ్ములు పొయ్యనీకి నాకు చెయ్యి రాలె. నన్ను జూసి అందరు ఇడుస్తున్నరు."

సుజాత పెన్ను తీసింది. రాజవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"నేనున్నన్ని దినాలు రాయకు బిడ్డా. ఎరుకైతే జాలికి ఇడుస్తరు. ఇప్పుడు ఊకెనే ఇడుస్తున్నరు, గదే మంచిగుంది."

ఒక ఆచారం పుట్టిన చోటు కళ్లముందు దొరికింది. నాకు ఆశ పుట్టి, పేరు మార్చి రాయమన్నాను. సుజాత రాయలేదు. 'కారణం' అన్న శీర్షిక కింద పేజీ తెల్లగా వదిలింది. ఇది ప్రింటు కాలేదా అని పరీక్షకుడు అడిగితే, తానే వదిలానని చెప్పింది. మార్కులు తగ్గాయి, ఆ ఏడాది సీటు రాలేదు. నాకు సిగ్గేసింది. నేను చెప్పిన ఏ సిద్ధాంతంలోనూ లచ్చవ్వ కూర్చునేంత జాగా లేదని అప్పుడు తెలిసింది.

నిరుడు రాజవ్వ పోయింది. ఈ వేసవిలో నేనూ సుజాతా ఆ కళ్లానికి వెళ్లాం. ఎండలో అంతా పచ్చగా, కలలాగా ఉంది. మూలన ఈసారి ఇద్దరు కూర్చునేంత జాగా ఉంది. అంత వదలమని ఎవరు చెప్పారని ఒకామెను అడిగాను.

"ఎవ్వలు చెప్పలె సార్. గాడికి రాంగనే చేతులు ఆగినయి."