గీత పక్కన మాటలు

బస్ డిపో మెకానిక్కును జట్టులో అందరూ రైలు అని పిలిచేవాళ్ళు. డిపో ఫుట్‌బాల్ జట్టులో కుడివైపు వెనక కాచే ఫుల్‌బ్యాక్ అతను. మైదానం అంచున తెల్లగీత వెంట పైకి పోవడం, కిందికి రావడం, అంతే. పట్టాలు వేసినట్టు ఒకటే దారి. అతను ఆట మొదలుపెట్టిన రోజుల్లో ఫుల్‌బ్యాక్ అంటే ఇంకెక్కడా పనికిరానివాణ్ణి నిలబెట్టే చోటు. బంతి వస్తే బయటికి తన్నాలి, మెప్పు ఆశించకూడదు. తర్వాత కాలం మారి, గీత వెంట పరుగెత్తుకెళ్ళి గోలు ముందుకు బంతి అందించమన్నారు. అదీ నేర్చుకున్నాడు. మెప్పు మాత్రం అప్పుడూ పెద్దగా రాలేదు లెండి.

ఆ గీత అవతల గడ్డి మీద అతని భార్య కూర్చునేది. పెళ్ళయిన కొత్తలో ఆవిడకు ఆటంటే గిట్టేది కాదు. పాప పుట్టి, ఆసుపత్రి గుమ్మం దాటకుండానే పోయిన తర్వాత, ఒక్కతే ఇంట్లో ఉండలేక రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఇద్దరికీ మాటలు కరువు. ఆ ఒక్క మాటా ఎత్తకుండా తప్పించుకోబోయి మిగతా మాటలన్నీ మానేశారు. ఊయల ఉన్న గది తలుపు వేసే ఉండేది. అతనికి ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. డిపోలో గుంతలోకి దిగి బస్సుల కింద బోల్టులు విప్పాడు, బిగించాడు. ఇంటికొస్తే పెట్టింది తిన్నాడు.

గీత దగ్గర మాత్రం మాటలు వచ్చేవి. అక్కడ ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు మరి. బంతి గీత దాటి బయటికి పోతే, దాన్ని చేతులతో లోపలికి విసిరే త్రో వేసేది అతనే. ఆ సందులో ఆవిడ చెప్పేది.

"ఏవండీ, గ్యాస్ అయిపోయింది."

"రేపు తెస్తాలే."

"మీ చెల్లెలు ఫోన్ చేసింది."

"ఏమంటోంది?"

జవాబు తర్వాతి త్రోకి వచ్చేది. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారితే, ఆవిడ కూడా సంచీ గొడుగూ పట్టుకుని అవతలి గీత దగ్గరికి చేరేది. చూసేవాళ్ళు ఏమనుకుంటే ఏం, వాళ్ళ కాపురం ఆ గీత దగ్గరే నడిచింది.

అంతలో కొత్త కోచ్ వచ్చాడు. "బంతి మన దగ్గరుంటే నువ్వు గీత దగ్గర ఉండొద్దు. లోపలికొచ్చి మధ్యలో నిలబడి బంతి పంచు. గీత సంగతి నీ ముందు ఆడే వింగర్ చూసుకుంటాడు, త్రోలు కూడా వాడే వేస్తాడు. ఇప్పుడు ఫుల్‌బ్యాక్ పనంటే ఇదే," అన్నాడు.

"రైలు పట్టాలు తప్పిందిరోయ్!" అని గోల్‌కీపర్ నవ్వాడు.

తమాషా ఏమిటంటే, మధ్యలో అతను బాగా ఆడాడు. నాలుగు వైపుల నుంచీ మీదికొస్తున్నా కంగారుపడలేదు. కంగారుపడాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి కదా. కోచ్ భుజం తట్టాడు. ఇన్నాళ్ళకు వచ్చిన మెప్పును ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు. గీత దగ్గర ఆవిడ నోరు తెరవబోయి మూసుకోవడం దూరం నుంచి చూశాడు. ఇంటికెళ్ళాక అదేమిటో అడుగుదామనుకున్నాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, అడక్కుండానే పెట్టింది తిని పడుకున్నాడు.

తర్వాతి ఆటకు ఆవిడ రాలేదు. ఇక రాదేమోనని భయం వేసింది అతనికి. భయమన్నది ఒకటుంటుందని అతను మరిచిపోయి చాలా రోజులైంది.

ఆ పై ఆటకు వచ్చింది. సంచీ లేదు, గొడుగు లేదు, ఒట్టి చేతులతో కూర్చుంది. ఆట చివరికొస్తుండగా బంతి సరిగ్గా ఆవిడ ముందు బయటికి పోయింది. వింగర్ అందుకోబోతుంటే రైలు మధ్యలోంచి పరుగెత్తుకొచ్చి లాక్కున్నాడు.

"నీ చోటు అది కాదయ్యా! లోపలికి పో!" కోచ్ అరుస్తున్నాడు.

రైలు బంతిని తల మీదికి ఎత్తాడు.

"ఏవండీ," అంది వెనకనుంచి ఆవిడ. "పొద్దున ఊయల ఇచ్చేశాను."

అతను ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాడు. తొందరగా వెయ్యమని రిఫరీ ఈల ఊదితే అతను వేశాడు. రెండు కాళ్ళూ నేల మీద ఉంచి వెయ్యాల్సిన త్రో అది, వెనక కాలు లేచిపోయింది. ఆట కొత్తగా నేర్చుకునేవాడు చేసే తప్పు. రిఫరీ బంతిని అవతలి జట్టుకిచ్చాడు. కోచ్ తల పట్టుకుని, అతన్ని బయటికి పిలిచి ఇంకొకణ్ణి పంపాడు.

బయటికి వచ్చినవాడు జట్టు బెంచీ దగ్గరికి పోవాలి. అతను గీత దాటి, ఆవిడ పక్కన గడ్డి మీద కూలబడ్డాడు. అటు ఆట సాగుతూనే ఉంది. చేతులకు మట్టి అంటింది, ఆ చేతులు తనవి కానట్టున్నాయి. తర్వాతి త్రో అంటూ ఇక లేదు కాబట్టి ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఎవరికిచ్చావు?"

"ఎదురింటి అమ్మాయికి. నెలలు నిండాయి." ఆవిడ గడ్డిపరక ఒకటి తెంపింది. "ఊయల్లో పరుపు మటుకు ఇవ్వలేకపోయానండీ."

"ఉండనీ," అన్నాడు అతను. "అది మన దగ్గరే ఉండనీ."