వెర్లిన్ ఆసెన్ గోరు

మా లోయలో పిస్తోలు పట్టిన ప్రతివాడూ వెర్లిన్ ఆసెన్ గ్యారేజీ గడప తొక్కినవాడే. పేల్చేసిన తూటా ఖాళీ తొడుగును డై అనే అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెచ్చి, తుపాకి మందు పోసి మళ్లీ తూటాగా చేయడంలో ఆయనకు సాటి మోంటానాలో ఉంటే ఉండొచ్చు, నేను మాత్రం చూడలేదు. ఊరికే పొగిడే రకం కాను నేను.

ఈ శీతాకాలం ఆయన చూపు బాగా తగ్గింది. పనిబల్ల తీసేయించడానికి కూతురు ట్రూడీ బిల్లింగ్స్ పట్నం నుంచి వచ్చింది. బల్ల పోతే ముసలాయన ఏమైపోతాడోనని నా గుండెల్లో రాయి పడింది.

సరిగ్గా అప్పుడే, పాత సామాన్ల అమ్మకంలో కొన్న డై పట్టుకుని నేను వెళ్లాను.

"కార్బైడ్ డై దొరికింది పెద్దాయనా. ఇక తొడుగులకి నూనె పూసే పీడ వదిలింది."

ఆయన డై మూతి లోపల గోరు తిప్పాడు. "నీ మొహం. ఇది మామూలు ఉక్కు రా క్లెమ్. కార్బైడ్ అయితే మూతి దగ్గర ఆ నున్నటి గట్టి లోహపు ఉంగరం దిగేసి ఉంటుంది. దాని అతుకు గోటికి తగుల్తుంది. ఇందులో అతుకే లేదు."

"పెట్టె మీద కార్బైడ్ అనే ఉంది నాన్నా. నీకు కనబడక అలా అంటున్నావు," అంది ట్రూడీ.

"అయితే నూనె లేకుండా నొక్కి చూడవే తల్లీ."

ఆ గ్యారేజీలో పెరిగిన పిల్లే. డైని ప్రెస్‌కి బిగించి, కింద ఖాళీ తొడుగు పెట్టి, పిడి కిందికి లాగింది. తొడుగు డైలోకి పోయి బిగుసుకుంది. ఇద్దరం కలిసి వెనక్కి లాగితే దాని అడుగు అంచు చిరిగింది గాని తొడుగు రాలేదు. వెర్లిన్ పడీ పడీ నవ్వాడు.

"ఎవడో పెట్టె మార్చేశాడు. మీరు చదివి నమ్మారు. నేను చదవలేను కాబట్టి తడిమి చూశా."

ఆ మార్చినవాడు కనబడితే చెవి మెలిపెట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. ట్రూడీ మాత్రం నవ్వేసింది. "సరే నాన్నా, నువ్వే గెలిచావు. బల్ల ఎక్కడికీ పోదులే."

నాకు ఈల వేయాలనిపించింది. ముసలాయన నవ్వు ఆగిపోయింది. తడుముకుంటూ మందు తూచే త్రాసును ఆమె ముందుకు జరిపాడు.

"డై సంగతి గోరు చెబుతుంది. మందు ఎక్కువ పడితే గోరు చెప్పదు కదే. ఈ ముల్లు ఎక్కడ ఆగుతోందో నాకు తెలియట్లేదు. రేపు ఈ క్లెమ్ గాడి చేతిలో పిస్తోలు పగిలితే?"

ఇన్నేళ్లూ ఆయన తూటాలను నేను కళ్లు మూసుకుని ఎందుకు నమ్మానో అప్పుడు అర్థమైంది.

ట్రూడీ కోటు విప్పి, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"శనివారాలు వస్తాను. ముల్లు నేను చూస్తా, డైలు నువ్వు చూడు."