గేరు అడిగే ఇంజను

మా పెద్దపిల్లను లారీలవాళ్లంతా బోనెట్టు అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే అది వెనక్కి కూడా తిరగదు. ఆ పేరు రావడానికి కారణం నేనే. పెళ్లయిన కొత్తలో ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక మా ఆయనతో పాటు లారీలోనే తిరిగేదాన్ని. పిల్ల పుట్టాక దాన్ని చంకనేసుకుని ఎక్కాను. పాతకాలం లారీ అది. ఇంజను బయట ముక్కులా ఉండదు, లోపలే, డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్య పెద్ద పెట్టెలా ఉంటుంది. బోనెట్టు అనే దాని మూత మీద బొంత నాలుగు మడతలేసి పిల్లను పడుకోబెట్టేదాన్ని. కింద ఆరు సిలిండర్లు హోరెత్తిపోతుంటే అది గుర్రుపెట్టి నిద్రపోయేది. ఇంటికొచ్చి మంచం మీద వేస్తే ఒకటే ఏడుపు. మా ఆయన వాకిట్లో లారీ స్టార్టు చేసి వదిలితే తప్ప కన్ను మూసేది కాదు. పక్కింటావిడ తిట్టిన తిట్లు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. నేనూ తక్కువ తినలేదు లెండి.

కాస్త మాటలొచ్చాక తండ్రి దానికో ఆట నేర్పాడు. కొండదారి ఎక్కేటప్పుడు ఇంజను మోత బరువెక్కుతుంది కదా, అప్పుడు ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకునేవాడు.

"విను, అడుగుతోంది. ఏం కావాలంట?"

"రెండు కావాలంట నాన్నా."

ఆయన రెండో గేరు వేసేవాడు. పిల్ల చప్పట్లు కొట్టేది. మీటరు చూసి నడపడం వాళ్లిద్దరికీ తెలియదు. ఆ లారీలో మీటరు ముల్లు ఎప్పుడో పడుకుంది, లేపినవాడు లేడు.

ఆయన పోయాక లారీ అమ్మేయమని అందరూ సలహా చెప్పారు. సలహాలకేం కరువు. బోనెట్టు మేకుకున్న తాళం తీసుకుని వెళ్లి తండ్రి సీట్లో కూర్చుంది. అప్పటినుంచీ కొండ అవతలి క్వారీ నుంచి బండలు తోలుతోంది. సాయంత్రం మలుపు దగ్గర ఆ మోత వినపడగానే నేను స్నానానికి నీళ్లు పొయ్యి మీద పెడతాను. ఆయనకీ అలాగే పెట్టాను, దానికీ అలాగే పెట్టాను. ఆ మోత మలుపు తిరిగి వాకిట్లోకి వచ్చేదాకా, వచ్చేది ఎవరో నాకు నేను చెప్పుకోను. అది నా ఇష్టం.

మొన్న వానల్లో లారీ కొండ మధ్యలో చేతులెత్తేసింది. నల్లటి పొగ తప్ప లాగుడు లేదు. వెనకొచ్చిన లారీవాడు గొలుసు కట్టి పైకి లాగాడు. ఇంటికొచ్చి బోనెట్టు అన్నం ముట్టలేదు. మర్నాడే మెకానిక్కు దగ్గరికెళ్లాం. అతన్ని నిదానం మేస్త్రి అంటారు. బోల్టు తిప్పమంటే ముందు దాని క్షేమసమాచారం అడిగే రకం.

ఇంజను చుట్టూ తిరిగి, గుడ్డతో చెయ్యి తుడుచుకుని అన్నాడు: "రెండు దార్లు పెద్దమ్మా. ఇది తీసేసి కొత్త రకం ఇంజను పెట్టుకోవడం ఒకటి. చప్పుడుండదు, డీజిలు తక్కువ తాగుతుంది. నన్నడిగితే అదే మేలు. లేదంటే దీన్నే విప్పి, లైనర్లూ పిస్టన్లూ కొత్తవి వేసి, పైన ఇంజనుకు గాలి తోసే టర్బో బిగించాలి. కొండ ఎక్కుతుంది."

మా అల్లుడు, అదే బోనెట్టు మొగుడు, దర్జీ. కుట్టుమిషనుకన్నా పెద్ద యంత్రాన్ని చూస్తే ఒళ్లు దగ్గరకు తీసుకుంటాడు. "కొత్తదే పెట్టిద్దాం అత్తయ్యా, రోడ్డు మీద ఆగిపోతుందేమోనన్న దిగులుండదు" అన్నాడు.

"నువ్వు కాజాలు కుట్టుకో నాయనా" అన్నాను. కానీ అతని మాటలో తప్పు లేదని నాకూ తెలుసు. నా కూతురు బండల లోడుతో కొండ మీద ఆగిపోతే ఆ మోతను నేనేం చేసుకోను?

మేస్త్రి దగ్గర కొత్త ఇంజను వేసిన లారీ ఒకటి ఉంది. ఒకసారి నడిపి చూడమన్నాడు. బోనెట్టు ఎక్కింది, నేను పక్క సీట్లో కూర్చున్నాను. లారీ మెత్తగా పోతోంది, మాట్లాడితే వినపడుతోంది. కొండ ఎక్కడం మొదలైంది. బోనెట్టు మూడో గేరు మీద చెయ్యేసుకుని, మెడ కాస్త వంచి కూర్చుంది. అలాగే కూర్చుంది. సగం మలుపులో లారీ ఒక్క ఊపు ఊగి ఆగిపోయింది. వెనక హారన్లే హారన్లు.

"గేరు మార్చవేమే?"

"అడుగుతుందని చూస్తున్నానమ్మా" అంది. "ఇది అడగదేంటమ్మా?"

ఆ మాటకు నేను నవ్వబోయి ఆగిపోయాను. దాని కళ్లు చూడాలి. తప్పిపోయిన పిల్ల కళ్లలా ఉన్నాయి.

షెడ్డుకొచ్చాక "నెల తిరక్కుండా అలవాటైపోతుంది" అన్నాడు మేస్త్రి. బోనెట్టు నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా."

"పాతదే ఉంచుదాం. టర్బో ఏదో పెట్టించు" అన్నాను.

"మోత కాస్త మారుతుంది పెద్దమ్మా, ముందే చెబుతున్నా."

"మారితే మారనీ. ఇంజను అదేగా" అన్నాను. పెద్ద తెలిసినదానిలా.

గొలుసుతో ఇంజను దించి విప్పారు. ఆరు బిందెలు వరుసగా పెట్టినట్టు లోపల ఆరు గుంతలు. ఇన్నేళ్లు వాటి మీద కూర్చుని తిరిగానా అనిపించింది. కొత్తవన్నీ బిగించాక బోనెట్టు బండల లోడు వేసుకుని, దారిలో ఎవరికీ దండం పెట్టకుండా కొండ దాటింది.

ఆ సాయంత్రం నేను మలుపు వైపు చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఏదో లారీ సన్నగా ఈల వేసుకుంటూ వచ్చింది. ఎవరిదో అనుకుని బట్టలు మడత పెట్టుకుంటున్నాను. గుమ్మంలో బోనెట్టు.

"నీళ్లేవమ్మా?"

"నువ్వెప్పుడొచ్చావే?"

అది నా ముఖం చూసి చెప్పులు విప్పకుండానే మెట్టు మీద కూలబడింది. "అడుగుతోందమ్మా, అడగడం మానలేదు. కానీ ముందు ఈల వేసి, తర్వాత అడుగుతోంది. నాన్న ఉంటే నవ్వేవాడు."

నేను వెళ్లి లారీ ఎక్కాను. మూత మీద అరచెయ్యి పెట్టాను. ఆ వేడి మాత్రం అదే. కాళ్లు మడుచుకుని పైకెక్కి కూర్చున్నాను.

"ఈ వయసులో అక్కడెందుకమ్మా? పడతావు, దిగు!"

"నా మొగుడి లారీ. నువ్వు స్టార్టు చెయ్."

చేసింది. ఈల కింద, చాలా లోతున, ఆ పాత హోరు కాళ్లకు తగిలింది. చెవికి కాదు, కాళ్లకు. వాకిట్లో అలాగే కూర్చున్నాం, పక్కింటావిడ కోడలు వచ్చి తిట్టేదాకా.

ఇప్పుడు ఆ ఈల నేర్చుకుంటున్నాను. కానీ ఈలలు వేసే లారీలు ఈ రోడ్డు మీద బోలెడు. ముందు నీళ్లు పెట్టేస్తాను, తర్వాత చూస్తే ఎవడి లారీయో దాటిపోతుంటుంది. కాగిన నీళ్లు పారబోయడం నా వల్ల కాదు. మా అల్లుడు ఈమధ్య రోజుకు మూడుసార్లు స్నానం చేస్తున్నాడు.